తీసేయించిన చుక్క

ఛాయాదేవి ఇరవై ఏళ్లకు పైగా ఏదో ఒకటి అమ్ముతూనే బతికింది. డిగ్రీ అయిన ఏడాదే విత్తనాల కంపెనీలో చేరి, స్కూటీ మీద గన్నవరం, గుడివాడ, కైకలూరు వైపు ఊళ్లన్నీ తిరిగింది. ఆ తర్వాత పురుగుమందులు, ఆ తర్వాత డ్రిప్పు పైపులు. ఎండకి మొహం ఎంత కమిలిపోయిందంటే, పెళ్లిళ్లలో చుట్టాలు ఆమెను పోల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగేవాళ్లు. దానికి ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు. కొట్టు మెట్ల దగ్గర రైతు చెప్పులు విడిచే తీరు చూసి, అతను కొనడానికి వచ్చాడో, ఊరికే ధర కనుక్కుని వెళ్లిపోతాడో చెప్పేసేది. తనకి చేతనైన విద్య అదొక్కటే అనుకునేది. ఆ విద్య మీద ఆమెకి గర్వం కూడా ఉండేది.

నలభై మూడో ఏట ఆ తిరుగుడు మానేసి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక భవనం మూడో అంతస్తులోని ఆఫీసులో ఉద్యోగానికి కుదిరింది. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు తెరిచిన ఆఫీసది. కాలేజీ ల్యాబుల్లో లెక్చరర్లు ఏళ్ల తరబడి పరిశోధించి తయారుచేసిన వస్తువులు బీరువాల్లోనే మూలుగుతున్నాయి. వాటిని జనం కొనుక్కునే వస్తువులుగా మార్చి బజారుకు తేవాలి, అదీ పని. కనిపెట్టేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు, అమ్మడం తెలిసినవాళ్లే లేరు అన్నాడు డైరెక్టరు ఇంటర్వ్యూలో. అయితే నేను సరిపోతాను అంది ఛాయాదేవి. భవానీపురంలో ఫ్లాటుకి ఇంకా వాయిదాలు నడుస్తున్నాయి, భర్త రైల్వేలో రిటైరు కావడానికి ఐదేళ్లే ఉంది. ఏసీ గదిలో కూర్చుని నెలకింత అని తెచ్చుకునే ఉద్యోగం దొరకడం ఆమెకి పెద్ద ఊరటే.

మొదటి మూడేళ్లలో ఒక్కటీ నిలబడలేదు. కుంకుడుకాయలతో చేసిన అంట్ల సబ్బు రెండు నెలలకే బూజు పట్టింది. రొయ్యల చెరువులో దానంతటదే తిరుగుతూ మేత చల్లే పడవ, కలెక్టరు గారి ఎదుట చక్కగా తిరిగింది గానీ, నిజం చెరువులో నాచుకి చిక్కుకుని కదల్లేదు. ప్రతిదానికీ ఒక ప్రారంభోత్సవం, ఒక ఫొటో, ఆ తర్వాత మళ్లీ బీరువా. సోమవారం మీటింగుల్లో డైరెక్టరు మొదట్లో నవ్వుతూ అడిగేవాడు. తర్వాత నవ్వకుండా అడగడం మొదలుపెట్టాడు. ఆ తేడా ఏమిటో ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాంటి రోజుల్లో సత్యనారాయణ గారు తన తేమ మీటరు పట్టుకుని వచ్చాడు.

ఆయన ఫిజిక్స్ లెక్చరరు. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. మాట మెత్తన, అడుగు మెత్తన, ఎదుటివాళ్లు కూర్చోమంటే తప్ప కూర్చోడు. ధాన్యంలో ఎంత తేమ ఉందో అర నిమిషంలో చెప్పే చిన్న యంత్రం ఆయన తయారుచేసింది. అరచేతిలో పడుతుంది. గుప్పెడు వడ్లు దాని గిన్నెలో పోసి మీట నొక్కితే అద్దం మీద అంకె కనపడుతుంది. పదిహేడు శాతానికి మించి తేమ ఉంటే ధాన్యం కొనేవాడు తూకంలో తరుగు తీస్తాడు, లేదా ఎండబెట్టుకు రమ్మంటాడు. అందుకని కోతల కాలంలో ఆ అంకె మీదే రైతు బతుకు ఆధారపడి ఉంటుంది. రైతు చేతిలో తన మీటరు తనకుంటే ఎవరూ మోసం చెయ్యలేరని సత్యనారాయణ గారి ఆశ. దానికోసం ఏడేళ్లు నూట నలభై మంది రైతుల దగ్గర వడ్లు తెచ్చి, ప్రతి గుప్పెడూ ముందు తూచి, రోజంతా ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ తూచి, తన మీటరు చెప్పిన అంకెతో సరిపోల్చాడు. ఆ లెక్కలు రాసిన నోటు పుస్తకాలు పదకొండు. అవన్నీ సంచిలో మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

ఛాయాదేవి ఆ మీటరు చూడగానే ఇది అమ్ముడుపోతుందనుకుంది. పోలేదు. ఊరూరా రైతు సంఘాల దగ్గర చూపించింది. అందరూ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మెచ్చుకుని తిరిగి ఇచ్చారు. ఏడాదికి నాలుగు రోజులు వాడేదానికి మూడు వేలు ఎందుకమ్మా అన్నారు. పైగా రైతు తన మీటరు చూపిస్తే బేరగాడు ఒప్పుకుంటాడా, అతని మీటరు అతనికి ఉంటుంది కదా అని ఒక పెద్దాయన అడిగాడు. ఆమె మీటరు సంచిలో పెట్టుకుని వచ్చేసింది. ఆరు నెలల్లో తొమ్మిది మీటర్లు పోయాయి. అందులో మూడు కాలేజీ వాళ్లే కొన్నారు.

అప్పుడు ఆమె హనుమాన్ జంక్షన్ వెళ్లి బాబీని కలిసింది.

బాబీ ధాన్యం వ్యాపారి. ఊళ్లలో మనుషుల్ని పెట్టి కళ్లాల దగ్గరే ధాన్యం కొని మిల్లులకి తోలతాడు. నలభై ఏళ్లుంటాయి. విత్తనాలమ్మిన రోజుల నుంచీ ఆమెకి తెలుసు. మర్యాదస్తుడు, కాఫీ తాగకుండా పంపడు. హైవే పక్కనున్న అతని కొట్లో లారీల హోరు మధ్య మీటరుని నాలుగు రకాల ధాన్యంతో పరీక్షించి చూశాడు.

"బాగుంది మేడం. నలభై తీసుకుంటాను. కాకపోతే అంకె కొంచెం అటూ ఇటూ సర్దుకునే వీలుండాలి" అన్నాడు.

ఎందుకని అడిగింది ఆమె. రకాన్ని బట్టి తేడా వస్తుందనీ, కళ్లంలో ఒక అంకె వచ్చి మిల్లు దగ్గర ఇంకో అంకె వస్తే మిల్లు వాళ్లు తనకి కోత పెడతారనీ, ఆ నష్టం ఎవరికి చెప్పుకోవాలనీ అన్నాడు. అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్నే ఛాయాదేవి గట్టిగా పట్టుకుంది. మిగతాది ఏమిటో ఆమెకి తెలియదని కాదు. విత్తనాలమ్ముతూ తిరిగిన కాలంలో పత్తి కొట్లలో కాటా కింద అయస్కాంతం పెట్టడం కళ్లారా చూసిన మనిషి. ఆ మాట అంటున్నప్పుడు బాబీ ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె కూడా అతని వైపు చూడకుండా ఆర్డరు పుస్తకం తీసింది.

సత్యనారాయణ గారిని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆయన కోప్పడలేదు, వాదించనూ లేదు. మొదటి రోజు ఒకే ఒక్క మాట అన్నాడు. "సర్దితే అది కొలవడం అవదు కదండీ. మనం చెప్పమన్నది చెప్పడం అవుతుంది." ఆమె మాత్రం ఆపకుండా చెబుతూనే ఉంది. లోకంలో ప్రతి కొలత పరికరానికీ సర్దుబాటు ఉంటుందనీ, కొనేవాడి ఇబ్బంది పట్టించుకోని వస్తువు బీరువాలోనే ఉంటుందనీ, ఈ ఏడాది కూడా అమ్ముడుపోకపోతే ఆఫీసు వాళ్లు దీన్ని వదిలేస్తారనీ చెప్పింది. చివరి మాట అన్నప్పుడు ఆయన తన నోటు పుస్తకాల వైపు చూశాడు. ఆ చూపు ఆమె కనిపెట్టింది. అమ్మకం కుదిరే ముందు మనిషి మొహంలో కనిపించే మెత్తదనం అది.

"మార్కెట్ సంగతి మీకు తెలుసు, నాకు తెలీదు. సరే" అన్నాడాయన. అయితే ఒక షరతు పెట్టాడు. మీటరుని ఎవరైనా తన లెక్క నుంచి కదిపితే, అద్దం మీద కుడి మూల ఒక చిన్న ఎర్ర చుక్క వెలగాలి. పట్టుకున్నవాడికే కాదు, ఎదురుగా నిలబడ్డ రైతుకి కూడా అది కనపడాలి.

ఆటోనగర్‌లో చక్రి అనే కుర్ర ఇంజినీరు ఆ మీటర్లు తయారుచేసేవాడు. అంకె సర్దడానికి బ్యాటరీ మూత కింద రెండు బుల్లి మీటలు పెట్టాడు, అద్దం మీద చుక్క పెట్టాడు. మొదటి పది మీటర్లు బాబీకి వెళ్లాయి. వారం తిరక్కుండానే అతను ఫోన్ చేశాడు. ఈ చుక్కేంటి మేడం, రైతులు అడుగుతున్నారు, చెప్పుకోలేక చస్తున్నాం, ఇది తీసేస్తేనే మిగతా ముప్పై, లేకపోతే ఇవి కూడా పంపించేస్తాను అన్నాడు.

ఆమె ఆ పూటే చక్రికి ఫోన్ చేసి చుక్క తీసెయ్యమంది.

"సార్‌తో మాట్లాడారా మేడం?" అని అడిగాడు చక్రి.

"ఆఁ, మాట్లాడాను" అంది.

మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక సాయంత్రం మాట్లాడదామనుకుంది. సాయంత్రం రేపనుకుంది. రేపటికి ముప్పై మీటర్ల ఆర్డరు ఖాయమైంది, డైరెక్టరు మీటింగులో అందరి ముందూ ఆమె పేరెత్తి మెచ్చుకున్నాడు. ఇక ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకుండా పోయింది.

ఆ తర్వాత మీటరు పరుగు తీసింది. నలభై కాస్తా మూడు వందలైంది. గోదావరి జిల్లాల వ్యాపారులు అడిగారు, నల్గొండ మిల్లుల వాళ్లు అడిగారు. మూడేళ్లలో పదకొండు వేలు అమ్ముడయ్యాయి. ల్యాబులో పుట్టిన వస్తువు బజారులో గెలిచిందని పేపర్లలో రాశారు. ఒక పెద్ద హోటల్లో బహుమతి సభ జరిగితే, సత్యనారాయణ గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వేదికెక్కి, ఇది నా రైతు కోసం అని రెండు ముక్కలు చెప్పి కూర్చుండిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఛాయాదేవి కూడా కొట్టింది. కొడుతూ కొడుతూ తన చేతుల వంక చూసుకుంది. ఆ నెలలోనే ఆమెని మేనేజరుని చేశారు.

ఆమెకి పుట్టింటివైపు నుంచి వచ్చిన ఎకరంన్నర పొలం హనుమాన్ జంక్షన్‌కి ఆరు కిలోమీటర్ల లోపలి ఊళ్లో ఉంది. దాన్ని తొమ్మిదేళ్లుగా అమలమ్మ కౌలుకి చేస్తోంది. అమలమ్మకి అరవై దగ్గర పడుతున్నాయి. భర్త పోయాక ఆ ఎకరంన్నరా, పక్కవాళ్లవి ఇంకో రెండెకరాలూ తీసుకుని కూతురి సాయంతో లాక్కొస్తోంది. సన్నగా, చీపురుపుల్లలా ఉండే మనిషి. ఏ చేలో ఏ రోజు నీళ్లు పెట్టిందీ వేళ్ల మీద చెప్పగలదు. వడ్లు ఎండాయో లేదో గింజ కొరికి చూసి చెబుతుంది. ఊళ్లో వాళ్లు కూడా తమ వడ్లు తెచ్చి ఆమె చేత కొరికించుకునేవాళ్లు.

ఆ ఏడు డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం ఛాయాదేవి పొలం చూసిపోదామని వెళ్లింది. ఊళ్లోకి వెళ్లే రోడ్డు సగం పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. అమలమ్మ తన వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ అటూ ఇటూ నడుస్తోంది. పొద్దున్నే కొరికి చూశాననీ, పదహారు దాటదనీ, ఇవాళ అమ్మేస్తే ఒక పని అయిపోతుందనీ చెప్పింది. ఇంతలో బాబీ మనిషి బండి మీద వచ్చాడు. జేబులోంచి మీటరు తీసి, గుప్పెడు వడ్లు గిన్నెలో పోసి, మీట నొక్కాడు.

"పందొమ్మిదిన్నర ఉందమ్మా. ఇంకో రెండ్రోజులు ఎండాల. కాదంటే తరుగు తీస్తాం" అన్నాడు.

అమలమ్మ వంగి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి నెమ్మదిగా కొరికింది. ఇంకోటి కొరికింది. తనకి పదహారే అనిపిస్తోందని గొణిగింది. అతను మీటరు ఆమె కళ్ల ముందు పెట్టాడు. చెప్పేది నేను కాదమ్మా, మిషను, మన విజయవాడ సారే కనిపెట్టాడంట అన్నాడు. ఛాయాదేవి ఎవరో అతనికి తెలియదు.

అమలమ్మ ఛాయాదేవి వైపు తిరిగి సిగ్గుపడినట్టు నవ్వింది. "నా పళ్లే అరిగిపోయినట్టున్నయ్ అమ్మాయిగారూ. మిషనుకి అబద్ధమాడాల్సిన పనేముంది?"

ఛాయాదేవి అద్దం వంక చూసింది. కుడి మూల ఖాళీగా ఉంది. చుక్క ఉండాల్సిన చోటు అది. బ్యాటరీ మూత గోటితో లేపితే వస్తుంది. దాని కింద ఉన్న రెండు మీటలు ఒకేసారి నొక్కి పట్టుకుంటే మీటరు మళ్లీ అసలు లెక్కకి వస్తుంది. లోకంలో ఆ సంగతి తెలిసిన నలుగురైదుగురిలో తనొకతె, అతనికి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఇటివ్వు బాబూ ఒకసారి అంటే చాలు. అంటే ఆ తర్వాత అతను ఎవరికి ఫోన్ చేస్తాడో, బాబీ ఏమంటాడో, ఆ మాట డైరెక్టరు దాకా, సత్యనారాయణ గారి దాకా ఎలా వెళుతుందో, అంతా ఒక్క క్షణంలో ఆమె కళ్ల ముందు తిరిగింది.

"రెండు రోజులేగా అమలమ్మా, ఎండనీ" అంది.

అమలమ్మ సరేనంది.

ఆ సాయంత్రమే తుపాను కబురొచ్చింది. మర్నాడు మబ్బు, ఆ మర్నాటి నుంచి మూడు రోజులు విడవకుండా వాన. అమలమ్మ, కూతురూ వడ్లు గుట్టపోసి, అద్దెకి తెచ్చిన బరకాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, తడుస్తూ కాపలా కాశారు. పైనుంచి నీళ్లు ఆపగలిగారు గానీ రోడ్డు పక్క కాలవ పొంగి కిందనుంచి వచ్చిన నీళ్లని ఆపలేకపోయారు. వాన తగ్గి బరకాలు తీస్తే గుట్ట సగం మొలకలెత్తి ఉంది. మిగతాది రంగు మారింది. రంగు మారిన ధాన్యాన్ని సగం ధరకి కొన్నది కూడా బాబీయే.

ఛాయాదేవికి ఈ సంగతి ఫోనులో తెలిసింది. ఆ ఏడాది కౌలు ఇవ్వక్కర్లేదని అప్పుడే చెప్పేసింది. చెప్పాక కాస్త మనసు తేలికపడుతుందనుకుంది. నాలుగు రోజుల తర్వాత అమలమ్మే ఫోన్ చేసింది. ఆదివారం చర్చిలో మీ గురించి సాక్ష్యం చెప్పానమ్మాయిగారూ, కష్టంలో దేవుడు మీ రూపంలో ఆదుకున్నాడని అందరూ మీకోసం ప్రార్థన చేశారు అంది. ఛాయాదేవి ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఆ మాట వింది. ఏం జవాబు చెప్పిందో తర్వాత ఆమెకి గుర్తులేదు. ఫోన్ పెట్టేసి బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, మొహం కడుక్కోకుండానే చాలాసేపు నిలబడిపోయింది.

ఆ తర్వాత ఆమెకి అన్నం దిగడం కష్టమైంది. ఒంట్లో బాగాలేదా అని భర్త అడిగాడు. బీపీ చూపించుకుంది, బాగానే ఉంది. రోడ్డు మీద ఎక్కడ వడ్లు కనిపించినా చూపు తిప్పుకునేది. అమ్మిన ప్రతి మీటరూ ఎవరో ఒక అమలమ్మ ముందు నిలబడి అంకె చెబుతున్నట్టు అనిపించేది. పదకొండు వేలని ఎంతతో గుణించాలో తెలిసేది కాదు.

పదిహేను రోజులు ఆగి, ఒక ఆదివారం పొద్దున ముత్యాలంపాడులో ఉన్న సత్యనారాయణ గారి ఇంటికి వెళ్లింది. ఆయన అప్పటికి రిటైరయ్యాడు. ఆయన భార్య రమాసుందరి గారు రండమ్మా అని లోపలికి తీసుకెళ్లి, కాఫీ ఇచ్చి, వంటింట్లోకి వెళ్లింది. ఛాయాదేవి కాఫీ ముట్టుకోకుండా జరిగింది మొత్తం చెప్పింది. బాబీ చుక్క వద్దన్నది, చక్రికి తను అబద్ధం చెప్పింది, అమలమ్మ గింజలు కొరికింది, ఎండనీ అని తను అన్నది, ఏదీ దాచలేదు. చెప్పేసి, ఆయన తిడతాడని తల వంచుకుని కూర్చుంది. తిడితే బాగుండని కూడా అనుకుంది.

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"చుక్క లేదని నేను రెండో విడతలోనే చూశానండీ" అన్నాడు.

ఛాయాదేవి తలెత్తింది.

"చక్రి మర్చిపోయాడేమో అనుకున్నాను. అనుకోవడమేముంది, అలా అనుకుంటే హాయిగా ఉంది. ఏడేళ్ల తర్వాత నా వస్తువు జనం చేతుల్లో కనపడింది. అడిగితే ఆగిపోతుందేమోనని ఎవర్నీ అడగలేదు."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. తప్పు ఇద్దరిదని తెలిస్తే బరువు సగం తగ్గాలి. ఛాయాదేవికి తగ్గలేదు. ఆ మెత్తని మనిషిలో ఆ ఆశని చూసి, దాన్ని వాడుకున్నది తనే కదా అనిపించింది.

మర్నాడు ఇద్దరూ డైరెక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. కొనేవాళ్లు అడిగిన సౌకర్యం ఇచ్చాం, దాన్ని వాళ్లు తప్పుగా వాడితే మన బాధ్యత ఎలా అవుతుంది అన్నాడు. సత్యనారాయణ గారు ఎప్పుడూ లేనిది గొంతు పెంచి, దాని మీద నా పేరుందండీ అన్నాడు. బేరాలాడగా ఆడగా చివరికి తేలిందేమిటంటే, సర్దే మీటలు లేని, సీలు వేసిన మీటరు ఇంకొకటి విడిగా తెస్తారు, పాతదీ ఉంటుంది, కొనేవాళ్లకి ఏది కావాలంటే అది. సీలు వేసినవి ఆ ఏడాది నూట పది పోయాయి. పాతవి ఎప్పటిలాగే పోయాయి. తూనికలు కొలతల శాఖకి సత్యనారాయణ గారు తన పేరుతో నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అందినట్టు రసీదు వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు.

అమలమ్మకి చెప్పడానికి ఛాయాదేవి సంక్రాంతి వెళ్లేదాకా ధైర్యం చెయ్యలేకపోయింది. వెళ్లేసరికి అమలమ్మ అరుగు మీద కూర్చుని చాటలో మినుములు బాగుచేస్తోంది. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టింది. ఛాయాదేవి చెబుతున్నంతసేపూ చాటలోంచి చెయ్యి తియ్యలేదు, తల కూడా ఎత్తలేదు. చివర్లో అడిగింది.

"చుక్క సంగతీ, మీటల సంగతీ నాకు తెలవదు అమ్మాయిగారూ. అయ్యన్నీ చదువుకున్నోళ్ల పనులు. ఆ రోజు మీరు నా పక్కనే ఉన్నారుగా?"

"ఉన్నాను."

"ఎండనీమన్నది మీరేగా?"

ఛాయాదేవి అవునంది. అమలమ్మ చాట పక్కన పెట్టి, టీ పెట్టమని కూతురికి చెప్పి, తను లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. టీ కూతురే తెచ్చిచ్చింది. వేసవిలో కబురొచ్చింది, ఈ ఏడు నుంచి ఆ ఎకరంన్నర చెయ్యలేనని. మిగతా రెండెకరాలు మాత్రం చేస్తూనే ఉంది. పొలం ఇంకొకరికి ఇవ్వడం ఛాయాదేవికి కష్టమేమీ కాలేదు. నాట్లప్పుడు ఒకసారి వెళ్లి గట్టు మీద నిలబడితే, పక్క చేలో వంగి ఉన్న అమలమ్మ నడుం ఎత్తి చూసి, మళ్లీ వంగిపోయింది.

ఉద్యోగం మానేద్దామని ఛాయాదేవి చాలాసార్లు అనుకుంది. మానేస్తే తన చోట ఇంకొకరు వచ్చి ఆ రెండు మీటలున్న మీటరునే ఇంకా చురుగ్గా అమ్ముతారు. ఈ మాటలో నిజమెంతో, ఫ్లాటు వాయిదాల భయమెంతో ఆమె ఎంత వెతుక్కున్నా విడదీయలేకపోయింది. మానలేదు. చక్రి దగ్గర కూర్చుని, అమ్మేసిన మీటర్లలో చుక్క మళ్లీ ఎలా పెట్టొచ్చో కనుక్కుంది. పది నిమిషాల పని. ఎవరు తెచ్చినా ఊరికే చేసిస్తామని ఊళ్లలో కాగితాలు పంచింది. వ్యాపారులెవరూ తేలేదు. బాబీ దారిలో కనపడి, కోపమేమీ లేకుండా, నేనొక్కణ్నే మానేస్తే పక్కవాడికి లాభం మేడం, మీకు తెలియంది కాదుగా అన్నాడు. రైతు సంఘాల వాళ్లూ, ఒకరిద్దరు మిల్లుల వాళ్లూ కలిసి రెండు వందల పదమూడు మీటర్లు తెచ్చారు. పదకొండు వేలలో రెండు వందల పదమూడు.

ఆఫీసుకి కొత్తగా వచ్చేవాళ్లకి ఆమె ఇప్పుడు అంతగా నచ్చదు. శ్రీలలిత అనే పరిశోధకురాలు పాలలో కల్తీని రంగు మార్పుతో పట్టిచ్చే చీటీలు తయారుచేసి ఎంతో ఉత్సాహంగా తెచ్చింది. ఇదివరకైతే ఛాయాదేవి ఆ రోజే డెయిరీల వాళ్లకి ఫోన్లు చేసేది. ఇప్పుడు ఆ పిల్లని కూర్చోబెట్టి, కొనేదెవరు, పరీక్ష జరిగేది ఎవరి పాలకి, ఫలితం తప్పొస్తే నష్టం ఎవరికి, అది తప్పని వాళ్లకెలా తెలుస్తుంది అని ఒకటే ప్రశ్నలు. శ్రీలలిత రెండు నెలలు తిరిగి, విసిగి, మేడం నా పని మీకు నచ్చలేదా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నచ్చింది కాబట్టే అని ఛాయాదేవి చెప్పింది గానీ ఆ పిల్ల నమ్మినట్టు లేదు. సోమవారం మీటింగుల్లో డైరెక్టరు మళ్లీ నవ్వకుండా అడుగుతున్నాడు.

కిందటి కోతల్లో శని, ఆదివారాలు ఆమె, సత్యనారాయణ గారూ హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లి రైతు కేంద్రాల వరండాల్లో కూర్చున్నారు. ఒక బల్ల, ఆయన మొదట తయారుచేసిన మీటరు, ఒక రిజిస్టరు. ఎవరైనా గుప్పెడు వడ్లు తెస్తే ఆయన కొలిచి చెబుతాడు, ఆమె పేరూ అంకే రాసి, సంతకం పెట్టి చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూపిస్తే కొందరు బేరగాళ్లు తరుగు తగ్గించారని విన్నారు, కొందరు చింపేశారని కూడా విన్నారు. ఒక్కోరోజు ఐదారుగురు వచ్చేవాళ్లు, ఒక్కోరోజు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆయన ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఇద్దరూ పంచుకుని తినేవాళ్లు.

అమలమ్మ ఊళ్లో వాళ్లిద్దరూ కూర్చున్న రోజు కొంచెం పెద్ద వరసే వచ్చింది. అందులో ఆరో మనిషి అమలమ్మ. ఛాయాదేవి ఆమెని దూరం నుంచే చూసి, రిజిస్టరు మీదికి తల వంచుకుంది. అమలమ్మ బల్ల దగ్గరికి వచ్చి, కొంగులోంచి వడ్లు తీసి సత్యనారాయణ గారి చేతిలో పోసింది.

"దీన్ని కనిపెట్టిన సారు మీరేనా అండి?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నాడాయన.

అమలమ్మ ఆయన్ని కాసేపు చూసింది. ఆయన మీట నొక్కి, అద్దం ఆమె వైపు తిప్పి పట్టుకుని, పద్నాలుగు పాయింట్ ఎనిమిది అని చదివాడు. ఛాయాదేవి పేరు అడగకుండానే రాసి, చీటీ చింపి అందించింది. అమలమ్మ ఆమె మొహం వంక చూడకుండా చీటీ తీసుకుంది, మడిచి జాకెట్లో పెట్టుకుంది, కొంగు దులుపుకుని మెట్లు దిగింది. ఛాయాదేవి కలం మూత పెట్టబోయి, మళ్లీ తీసి, వరసలో తర్వాతి మనిషిని పేరు అడిగింది.